ఏ పట్టీలోనూ లేని పేరు

మొదటి రోజు

మంచిగాలి మామూలే. విషగాలి సున్నా. మూడు బాటల ఫ్యాన్లూ తిరుగుతున్నాయి.

ఈ మూడు ముక్కలు రాయడానికే నాకీ పుస్తకం ఇచ్చారు. కింద ‘ఇతర విషయాలు’ అని నాలుగు గీతలు గీసి ఉంటాయి. పదకొండేళ్లలో ఆ గీతల మీద నేను ఒక్క అక్షరం పెట్టలేదు. ఇవాళ పెడతాను, చాలకపోతే వెనక పేజీ కూడా వాడతాను. కమిటీ వాళ్లు చదివితే చదవనీ. వాళ్ల ముఖం మీద చెప్పలేనిదేమీ ఇందులో లేదు.

మా పెద్ద బిడ్డ దీవెనకు నిన్నటితో ఏడేళ్లు నిండాయి. ఏడు నిండేదాకా పిల్లలది తల్లి లెక్క. విషగాలి గంట మోగితే తల్లి ఎక్కడుంటే వాళ్ల చోటు అక్కడే. నేను ఫ్యాను గదిలో కూర్చునే దాన్ని కాబట్టి దీవెన, దాని చెల్లెలు లచ్చి ఇన్నాళ్లూ నా కుర్చీ పక్కనే. ఏడు దాటితే ఇక్కడ దానికి గాలి లెక్క ఉండదు. గనిలో మనుషులుండే సొరంగాలు మూడు, గుడి బాట, పీర్ల బాట, చర్చి బాట, ఈ మూడింటిలో ఏదో ఒక ఊపిరి పట్టీలో పేరు రాయించాలి. ఎక్కడ రాయిస్తే ఆ ఇంటి పిల్ల అవుతుంది. చదువుకునే ప్రార్థన ఆ ఇంటిదే, గంట మోగితే ఉరకాల్సిన తలుపూ ఆ ఇంటిదే.

“ఏ దిక్కు రాయాలె సైదమ్మా?” అన్నాడు కమిటీ గుమాస్తా.

“మూడు దిక్కుల రాయి.”

“మూడు దిక్కుల గాలి పీలుస్తదా ఏంది నీ బిడ్డ?”

“దేవుడు మూడు దిక్కుల ఉండంగ నా బిడ్డ ఉంటే నీకేం నొచ్చింది?”

గదిలో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చివరికి నలభై రోజుల గడువు రాసిచ్చారు. దీవెన పేరును నా లెక్కలోంచి ఎర్ర సిరాతో కొట్టేశాడు. ఇంకే లెక్కలోనూ ఎక్కించలేదు.

మూడో రోజు

మంచిగాలి మామూలే. విషగాలి సున్నా. పీర్ల బాట ఫ్యానులో చిన్న కిరకిర, నూనె వేశాను.

ఇంట్లో గొడవ. మా ఆయన ఓదేలు నీళ్ల పంపుల దగ్గర పనిచేస్తాడు. దేవుడి సంగతి ఎత్తితే ఆవలిస్తాడు.

“ఏదో ఒక్క దిక్కు రాయియ్యే. పీడా పోతది.”

“నా బిడ్డకు దేవుణ్ని ఇచ్చుడు నీకు పీడ లెక్క కొడతాందా?”

“గట్ల కాదే. రేపు గంట మోగింది. అది ఏ తలుపుకు ఉరకాలె? గదొక్కటి చెప్పు.”

“ఏ తలుపు దగ్గరుంటే ఆ తలుపుకు.”

“పట్టీల పేరు లేనిది లెక్కల రాదు గద,” అన్నాడు. నేను గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తూ కడిగాను.

కానీ నేను మాత్రం ఎవరిని వదులుకోను? మా అమ్మకు ఇద్దరు పుట్టి పోయాక పీర్లకు మొక్కుకుంటే నేను నిలబడ్డాను. అందుకే సైదమ్మనయ్యాను. దీవెన పుట్టేటప్పుడు రెండు రోజులు నొప్పులు తిన్నాను. చర్చి బాట ఎస్తేరవ్వ ఆ రెండు రోజులూ నా చెయ్యి వదలకుండా ప్రార్థన చేసింది. పిల్లకు ఆ పేరు పెట్టింది ఆమే. మల్లన్నకు ముగ్గుల పట్నం వేసిన రోజు లచ్చి పుట్టింది. గుడి బాట ఐలయ్య డోలు దెబ్బకు దడుచుకుని బయటికొచ్చిందని ఓదేలు ఇప్పటికీ ఏడిపిస్తాడు. ఇందులో ఎవరికి నేను బాకీ లేను? పిల్ల చేతిలో ఒక దేవుణ్ని పెట్టి మిగతా ఇద్దరిని లాక్కోవడం నాకు చేతకాదు.

ఎనిమిదో రోజు

మంచిగాలి మామూలే. విషగాలి సున్నా.

డ్యూటీ దిగి మూడు బాటల పెద్దల దగ్గరికీ పోయి వచ్చాను. దీవెన వెంటే ఉంది. గడువు అయ్యేలోపు గంట మోగితే పిల్లను ఎవరు రానిస్తారో నోటితో అడిగి తెలుసుకుందామని.

పీర్ల బాట మౌలాలి తాత పీర్లకు కట్టే కొత్త గుడ్డలు, దట్టీలు కుడుతున్నాడు. “అడిగే మాటనా బిడ్డా? దీనికి నా తలుపు ఎన్నడు మూసిన?” అన్నాడు. ఎస్తేరవ్వ దీవెన గడ్డం పట్టుకుని, “నేను పేరు పెట్టిన పిల్లను నేను బయట నిలబెడతనా?” అని నా మీదే కోప్పడింది. గుడి బాట ఐలయ్య మరీ విడ్డూరం. “మల్లన్న గొర్ల మందనే కాసిండు, ఒక్క పిల్లను కాయడా?” అని పసుపు బండారి తీసి దాని నుదుటి నిండా పూశాడు.

ముగ్గురూ మనసులో మాట దాచుకోలేదు. నలభయ్యో రోజున పిల్ల మాకే రావాలి అని ఎవరికి వాళ్లు నా చెవిలో వేశారు. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. ఒక్క ఇల్లు దొరకడమే కష్టమైన చోట నా బిడ్డకు మూడిళ్లు.

పద్నాలుగో రోజు

మంచిగాలి మామూలే. విషగాలి సున్నా. చర్చి బాటలో ఎవరో బీడీ కోసం నిప్పు రాజేయబోయారట, తిట్టి వచ్చాను.

గనిలో నిప్పు అనేది ఉండకూడదు. మా తాతల కాలంలో పైన ఎండకు తట్టుకోలేక ఈ పాత బొగ్గు గనిలోకి దిగినప్పటినుంచీ అంతే. గుడిలో దీపమంటే చిన్న బల్బు. హారతి అంటే కర్పూరం అరచేతిలో నలిపి వాసన చూపిస్తారు. పీర్ల గుండంలో కూడా ఎర్ర బల్బులే, వాటి చుట్టే ఆట ఆడతారు. దీవెన ఎన్నడూ మంట చూడలేదు. నేనూ చూడలేదు.

సాయంత్రం అది ప్రార్థన చేస్తుంటే తలుపు చాటున నిలబడి చూశాను. చర్చిలోలాగా మోకాళ్ల మీద కూర్చుంది. మౌలాలి తాతలాగా అరచేతులు చాపింది. అయిపోయాక డబ్బాలోంచి బండారి తీసి నుదుట పెట్టుకుంది, చెల్లెలికీ పెట్టింది. ఎవరూ నేర్పలేదు ఇలా కలపమని. చూస్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నాను.

“అమ్మా, యేసయ్యకు మల్లన్న ఎరికేనా?”

“ఒక్క గనిల ఉంటాండ్రు, ఎరిక లేకుంటరా?”

“మరి పీర్లు?”

“వాళ్లూ గంతే.”

“మరి అందరు దోస్తులైతే తలుపులు మూడెందుకే?”

“తలుపులు మనుషులు పెట్టిన్రు బిడ్డా.”

ఈ జవాబు నాకే ఎంత నచ్చిందో! ఓదేలుకు రెండుసార్లు చెప్పాను. రెండోసారి అతను దుప్పటి కప్పుకున్నాడు.

ఇరవై ఒకటో రోజు

పన్నెండో నంబరు పాత సొరంగంలో విషగాలి ముల్లు ఎర్ర గీత దాటింది. మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు గంట కొట్టాను.

తలుపులు మూసి గంటసేపు దాటింది. గాలి ఇంకా శుభ్రపడలేదు. పని ఏమీ లేదు కాబట్టి రాస్తున్నాను. లచ్చి నా ఒళ్లో కూర్చుని మరమరాలు తింటోంది, ఈ పేజీ మీద కూడా కొన్ని పోసింది.

ఇవాళ పీర్ల పండుగ. సగం జనం అక్కడే ఉన్నారు, అయినా ఒక్కరు తోసుకోకుండా ఎవరి బాటకు వాళ్లు చేరారు. గంట మోగాక తలుపులు మూయడానికి నాలుగు నిమిషాలు టైము. అంతకు ముందే మూడు బాటల లెక్కలూ సరిపోతే ఆగకుండా మూడు తలుపులూ మూసే మీట నొక్కేయాలి. విషగాలి మనకోసం ఆగదు.

మొదట మౌలాలి తాత ఫోన్ చేశాడు. రెండు వందల పదకొండు, సరిపోయింది. “తాతా, మా దీవెన?” అన్నాను. పండుగని అది పొద్దుటినుంచీ అక్కడే ఉంది. “మలీద ముద్దల గిన్నె ఇచ్చి ఎస్తేరు కాడికి పంపిన బిడ్డా. గంట మోగినంక చర్చి దిక్కే ఉరుకుడు నా కండ్లతోని జూసిన,” అన్నాడు. తర్వాత గుడి బాట, నూట నలభై, సరిపోయింది. ఆ వెంటనే ఎస్తేరవ్వ, తొంభై ఆరు, సరిపోయింది. మీట నొక్కాను. గంట మోగిన దగ్గరనుంచి మూడు నిమిషాల ఇరవై సెకన్లు. నేను చేరాక ఇంత తొందరగా ఎప్పుడూ మూయలేదు. కమిటీ వాళ్లు ఈ సంగతి కూడా చదవాలి.

దీవెన అక్కడ పాటలు పాడుతూ ఉంటుంది. ఒకసారి ఫోన్ చేసి గొంతు విందామనిపించింది. తలుపులు మూసినప్పుడు ఫోన్లో ముచ్చట్లు పెట్టొద్దని ఊరందరినీ తిట్టేదాన్ని నేనే, నేనే ఎలా చేస్తాను? పొద్దున జడ వేయించుకోకుండా పారిపోయింది. రానీ, దాని పని చెబుతాను.

ఇరవై రెండో రోజు

మంచిగాలి మామూలే. విషగాలి సున్నా.

ఇరవై నాలుగో రోజు

మంచిగాలి మామూలే. విషగాలి సున్నా.

నా బిడ్డ చచ్చిపోయింది. చర్చి తలుపు బయట దొరికింది. తలుపు తెరిచిన వాళ్ల కాళ్లకే తగిలింది.

ముగ్గురూ వచ్చి ఎవరు చూసింది వాళ్లు చెప్పారు. దాచలేదు. మౌలాలి తాత చెప్పింది ఆ రోజు ఫోన్లో చెప్పిందే. పిల్ల చౌరస్తా దాటి చర్చి వైపు తిరగడం చూసి, చేరినట్టే అనుకుని లోపలికి పోయి లెక్క చెప్పాడు. చౌరస్తా మలుపులోనే గుడి తలుపు ఉంది. ఐలయ్య అక్కడ నిలబడి ఉన్నాడు.

“ఉరుక్కుంట వచ్చింది సైదమ్మా. నా తలుపు ముంగట ఆగింది. గిన్నె కింద పెట్టింది, చెప్పులు విడిచింది, మల్లన్నకు దండం పెట్టింది. లోపలికి రా బిడ్డా అన్న. ఎస్తేరవ్వ చూస్తాంటది తాతా అని గిన్నె తీసుకుని మల్ల ఉరికింది. ఇంకా టైమున్నది గద అనుకున్న. ఎప్పుడైనా నాలుగు నిమిషాలు ఉంటది గద.”

నాలుగు నిమిషాలు ఉండేది. నలభై సెకన్లు ముందే మూసింది నేను.

ఎస్తేరవ్వ నేల మీద కూర్చుంది, కుర్చీ వేస్తే వద్దంది. “పట్టీ పట్టుకుని లోపలి దాకా పోయి అందరిని లెక్కబెట్టిన. సరిపోయింది. పీర్ల పండుగ గద, పిల్ల ఆడనే ఉంటదనుకున్న. పాట మొదలుపెట్టిన. కంజీర గట్టిగ వాయించినం బిడ్డా, పిల్లలు భయపడొద్దని. తలుపు కొట్టిందో ఏమో...” అని ఆగిపోయింది.

‘సరిపోయింది’ అన్నది ఆమె. నిజమే చెప్పింది. ఆమె పట్టీ సరిపోయింది, ముగ్గురి పట్టీలూ సరిపోయాయి. ఏ పట్టీలోనూ లేని పేరు ఒకటి ఉందని గనిలో అందరికంటే ముందు గుర్తుండాల్సిన మనిషిని నేను. మీట మీద చెయ్యి కూడా నాదే. ఎస్తేరవ్వను ఒక్క మాట అడగలేదు.

ఏ గడప ముందు నుంచి పోయినా చెప్పులు విడిచి దండం పెట్టకుండా పోవద్దని దీవెనకు నేర్పింది నేను. దానికి నడక వచ్చిన ఏడే నేర్పాను. ఒకసారికే పట్టేసిందని అందరికీ చెప్పుకుని మురిశాను. ఐలయ్య ఆ చెప్పులు తెచ్చి ఇచ్చాడు. ఓదేలు తీసుకున్నాడు.

ఇరవై ఆరో రోజు

మంచిగాలి మామూలే. విషగాలి సున్నా. నిన్న రాయలేదు, నా బదులు వేరేవాళ్లు కూర్చున్నారు.

ఏ ఇంటి పిల్లో కమిటీకి తేలక ఇన్ని రోజులు ఆగి నిన్న మట్టి చేశాం. గనిలో కాల్చడం కుదరదు కాబట్టి ఏ ఇంటివాళ్లనైనా పాతడమే. అందరికీ ఒకటే జాగా. ఆ ఒక్క చోట మాత్రం మూడు దారులు పెట్టలేదు.

ముగ్గురు పెద్దలూ వచ్చి నిలబడ్డారు. ఫాతెహా చదవాలా, వాక్యం చదవాలా, మల్లన్న పేరున బండారి చల్లాలా అని ఎవరూ నన్ను అడగలేదు. పిల్ల మీది కదా, మీరు కానీయండి అని మౌలాలి తాత ఎస్తేరవ్వ వైపు చూశాడు. ఆమె ఐలయ్య వైపు చూసింది. పొద్దుటినుంచీ పిల్ల మీ దగ్గరే కదా, మీరు మొదలుపెట్టండి అని ఐలయ్య మౌలాలి తాతతో అన్నాడు. మంచివాళ్లు ముగ్గురూ. ఒకరి బిడ్డ మీద ఒకరు చెయ్యి వేయకూడదనుకునే మర్యాదస్తులు. నా బిడ్డ గుంతలో పడుకుని ఉంది, ఆ మర్యాద మాత్రం తెగలేదు.

“ఎవరో ఒకరు చదువున్రి!” అని నేను అరిచాను. నా గొంతు సొరంగమంతా తిరిగి నా మీదికే వచ్చింది. ముగ్గురూ ఒక్కసారే నోరు తెరిచి, మళ్లీ ఒకరికోసం ఒకరు ఆగారు.

అంతలో ఓదేలు మట్టి వేయడం మొదలుపెట్టాడు. పంపు దగ్గర బురద తోసినట్టే, పారతో, తల ఎత్తకుండా వేశాడు. నా బిడ్డ ఏ మాటా వినకుండా పోయింది.

ఇంటికొచ్చాక అతను నాతో ఒకే ఒక్క మాట అన్నాడు. “రాయియ్యమన్న గద సైదా.” కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని.

ముప్పై మూడో రోజు

మంచిగాలి మామూలే. విషగాలి సున్నా.

అలవాటు తప్పకుండా ఉండటానికి నెలకోసారి ఉత్తి గంట కొడతాం. ఈ నెల వేరేవాళ్లతో కొట్టిస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు.

గంట కొట్టాను. జనం ఎవరి బాటకు వాళ్లు పోయారు. ఫోన్ మోగింది.

“రెండు వందల పదకొండు ఉన్నరు బిడ్డా. ఒకరు తక్కువ,” అన్నాడు మౌలాలి తాత.

రెండు వందల పదకొండే కదా ఉండాల్సింది? “ఎవరు తాతా? ఎవరు రాలే? తొందరగ చెప్పు!”

“మా పట్టీల దీవెన పేరు రాసిన. మొన్న. నీకు చెప్పలే.”

నేను ఫోన్ పెట్టేలోపే రెండోది మోగింది. చర్చి బాట, తొంభై ఆరు ఉన్నారు, ఒకరు తక్కువ. తర్వాత ఐలయ్య, నూట నలభై, ఒకరు తక్కువ. ఒకరు రాసిన సంగతి ఇంకొకరికి తెలియదు. బతికినన్నాళ్లు ఒక్క పట్టీలో చోటు లేని పిల్లకు ఇప్పుడు మూడింటిలో చోటు. ఇప్పుడు దానికి గాలి అక్కర్లేదు కాబట్టి ఎవరికీ తక్కువ పడదు.

ఉత్తి గంటకు నాలుగు నిమిషాలు దాటినా సరే, లెక్క సరిపోనిదే మీట నొక్కకూడదు. ఊరంతా తలుపుల వెనక నిలబడి ఉంది. ఆ పేరు అలాగే ఉంటే రేపు నిజం గంట మోగినప్పుడు కూడా ముగ్గురూ ఒకరు తక్కువనే చెబుతారు. తక్కువైంది చచ్చిన పిల్లో బతికిన పిల్లో తెలుసుకునే టైము నాకు ఉండదు.

మౌలాలి తాతకు ఫోన్ చేశాను. “కొట్టెయ్యి తాతా.” ఎస్తేరవ్వకు చేశాను. ఆమె ఏడుస్తూ నా వల్ల కాదంది. “అవ్వా, కొట్టెయ్యి. నీ తలుపెన్క ఇంకా పిల్లలున్నరు,” అన్నాను. ఐలయ్యకు చేశాను. అదే మాట మూడోసారి అన్నాను. నేను ఒక్క చోట కూడా రాయించని పేరును మూడు చోట్ల నా నోటితోనే కొట్టించాను.

మీట నొక్కేసరికి ఏడు నిమిషాలు దాటింది.

నలభయ్యో రోజు

మంచిగాలి మామూలే. విషగాలి సున్నా.

గడువు ఇవాళ్టితో అయిపోయింది. కమిటీకి పోయి లచ్చి పేరు రాయించాను. దానికి అయిదేళ్లే. ఏడు నిండకుండానే రాయించొచ్చా అంటే రాయించొచ్చన్నాడు గుమాస్తా. నా ముఖం వైపు చూడకుండా పట్టీ ముందు పెట్టాడు.

“ఏ దిక్కు?”

“గుడి బాట.”

“మల్లన్నకు మొక్కుకున్నవా?” అన్నాడు, ఏదో ఒకటి మాట్లాడాలని.

“దగ్గర,” అన్నాను.

నిజంగా అంతే. బడి గుమ్మం నుంచి గుడి తలుపు నూట నలభై అడుగులు. చర్చి రెండు వందల అరవై, పీర్ల కొట్టం మూడు వందల పది. రెండు రోజులు నేనే నడిచి లెక్కపెట్టాను. నాకు ముగ్గురి మీదా ప్రేమ చావలేదు. పీర్ల పాట వినబడితే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది, ఎస్తేరవ్వ కంజీర వినబడితే కాలు ఆగుతుంది. ఆ ప్రేమనంతా నా దగ్గరే పెట్టుకుంటాను. లచ్చికి ఇవ్వను.

బడి వదిలాక దాన్ని గుమ్మం దగ్గర నిలబెట్టి, “గంట మోగింది అనుకో. గుడి దాకా ఉరుకు,” అన్నాను. ఫ్యాను గది గడియారం నా చేతిలో ఉంది. ఉరికింది. చౌరస్తాలో పీర్ల బాట మొదట్లో పచ్చ జెండా ఉంటుంది. అక్కడ ఆగి, చెప్పులు విడిచి, చేతులు జోడించింది.

పరిగెత్తుకుంటూ పోయి ఆ చేతుల మీద కొట్టాను. చిన్న చేతులు, ఎర్రబడ్డాయి. నా బిడ్డల మీద నేను చెయ్యి ఎత్తడం అదే మొదటిసారి.

“ఆగొద్దు! ఎవ్వరికి ఆగొద్దు. ఉరుకుడు ఒక్కటే.”

“దేవునికి కోపం రాదానే?”

“రానీ.”

“అక్క పెట్టేది గద?”

నేను చెప్పులు తొడిగి దాన్ని వెనక్కి తీసుకుపోయాను. మళ్లీ ఉరికించాను. రెండోసారి జెండా దగ్గర నడక తగ్గించి నా వైపు చూసింది. మూడోసారి ఏడుస్తూ ఉరికింది. గుడి తలుపు దగ్గర ఐలయ్య ఉన్నాడు, మమ్మల్ని చూసి లోపలికి పోయాడు.

నాలుగోసారి యాభై రెండు సెకన్లు. ఎక్కడా ఆగలేదు. దండం పెట్టలేదు.